రెండు చేతులు, ఒక్క స్వరం: వసూళ్లకూ సంగీతానికీ మధ్య నలిగిన కథ గోదావరి డెల్టాకు వస్తే

పగలంతా తండ్రి తరఫున అప్పులు వసూలు చేసి, ఇవ్వనివాళ్లను కొట్టి, ఇంటికొచ్చాక పియానో ముందు కూర్చుని జర్మన్ స్వరకర్త బాక్ సంగీతం సాధన చేసే కుర్రాడి కథ 1978లో అమెరికాలో ‘ఫింగర్స్’ పేరుతో సినిమాగా వచ్చింది. దర్శకుడిగా జేమ్స్ టోబాక్‌కు అదే మొదటి సినిమా. జిమ్మీ అనే ఆ కుర్రాడిగా హార్వీ కైటెల్ నటించాడు. 2005లో జాక్ ఒడియార్ అదే కథను పారిస్‌కు తీసుకెళ్లి ఫ్రెంచిలో మళ్లీ తీశాడు. ‘ది బీట్ దట్ మై హార్ట్ స్కిప్డ్’ అనే ఇంగ్లిష్ పేరుతో అది బయటి దేశాల్లో తెలుసు. అక్కడ హీరో తోమా, ఆ పాత్ర వేసింది రోమా డ్యూరిస్. ఫ్రాన్స్ సినీ పురస్కారాలైన 2006 సీజర్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు కలిపి ఎనిమిది ఈ సినిమాకే వచ్చాయి. రీమేక్ అసలు కంటే బాగా రావడం అరుదు. ఇది అలా వచ్చిన సినిమా.

ఈ రెండింటి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది కళ గెలుస్తుందా, నేరం గెలుస్తుందా అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. కథలో ఆ ప్రశ్న ఉంది, కానీ కథను నడిపేది అది కాదు. సంగీతం రోజూ ఇన్ని గంటలు కావాలని అడుగుతుంది. ఏ రోజు మానేసినా మర్నాడు వేళ్లలో తెలిసిపోతుంది. దందాకు వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి వెళ్లాల్సిందే. ఒకే మనిషి, ఒకే జత చేతులు, రోజుకు ఉన్నవి 24 గంటలే. మంచికీ చెడుకీ మధ్య పోరాటం అనుకుని చూస్తే ఈ సినిమాలు మామూలుగా కనిపిస్తాయి. సాధనకు కావాల్సిన సమయాన్ని మనిషి దగ్గర నుంచి ఎవరు, ఎలా లాక్కుంటారో చెప్పే సినిమాలుగా చూస్తే ప్రతి సన్నివేశానికీ బరువు వస్తుంది.

ఆ కోణంలో చూస్తే ఈ కథకు గోదావరి డెల్టా కంటే తగిన చోటు తెలుగునాట మరొకటి కనపడదు. న్యూయార్క్‌లో జిమ్మీ ఒక ప్రపంచం నుంచి ఇంకో ప్రపంచానికి వెళ్లాలంటే ఊరు దాటినంత దూరం పోవాలి. డెల్టాలో ఆ రెండూ ఒకే వీధిలో ఉంటాయి. సంక్రాంతి మూడు రోజులే చాలు సాక్ష్యానికి. ఊరి చివర కొబ్బరితోటలో బరి గీసి కోడిపందేలు, పక్కనే గుండాట అనే జూదం, చేతులు మారే నోట్ల కట్టలు. జంతువుల మీద క్రూరత్వాన్ని నిషేధించే 1960 చట్టం ఉంది, జూదాన్ని నిషేధించే 1974 చట్టం ఉంది, అయినా ఆ మూడు రోజులూ బరి ఆగదు. అదే కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు కాలవలు దాటుకుంటూ, పచ్చని చేలల్లోంచి భుజాల మీద వస్తాయి. వాటి ముందు డోలు, సన్నాయి. పొద్దున్న తీర్థంలో సన్నాయి విని, మధ్యాహ్నం బరి దగ్గర పందెం కాసి, రాత్రికి వడ్డీకి డబ్బు తెచ్చుకునేవాడు ఒకడే అయినా ఇక్కడ ఎవరికీ వింతగా అనిపించదు. బయటివాడికి రెండు ప్రపంచాలుగా కనిపించేది ఊళ్లోవాడికి ఒక్కటే పండగ.

అయితే కథను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ దింపితే నిలబడదు. మొదట చూడాల్సింది తండ్రి సంగతి.

‘ఫింగర్స్’లో తండ్రి బెన్ వడ్డీ వ్యాపారి. తనకు రాని బాకీలు కొడుకును పంపి రాబట్టుకుంటాడు. ఫ్రెంచి సినిమాలో తోమాది స్థిరాస్తి వ్యాపారం. పాత భవనాలు చవగ్గా కొనడం, అందులో ఉన్నవాళ్లను వెళ్లగొట్టడం, మళ్లీ లాభానికి అమ్మడం. వెళ్లనివాళ్ల కోసం గోనెసంచుల్లో ఎలుకలు తెచ్చి భవనంలో వదులుతారు, కిటికీలు పగలగొడతారు. అదికాక తండ్రి రాబేర్ తన సొంత బాకీల కోసం కూడా కొడుకునే పంపుతుంటాడు. ఆ తండ్రిగా నీల్స్ ఆరెస్‌త్రప్ చేసిన నటన చూస్తే సినిమా అసలు బలం ఎక్కడుందో అర్థమవుతుంది. అతను విలన్ కాడు. వయసు మీదపడి, ఒళ్లు బరువెక్కి, గొప్పలు మాత్రం తగ్గని మనిషి. కొడుకు లేకపోతే తన మాట ఎవరూ వినరని అతనికి తెలుసు. ఆ భయాన్నే ప్రేమగా చూపిస్తాడు. కొడుకు కాదనలేడు. ఇంట్లో పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడేమో అన్న దిగులుతో తప్పుడు పని చేసే కొడుకులు మన ఊళ్లలో లేరా? ఉన్నారు, కాకపోతే వాళ్ల గురించి మన సినిమాలు పెద్దగా తీయవు. మన తెర మీద తండ్రి దేవుడు, లేదా రాక్షసుడు. దయనీయంగా, మొండిగా, ప్రేమగా, స్వార్థంగా ఒకేసారి ఉండే తండ్రి అరుదు.

డెల్టాలో ఆ తండ్రి మాట తీరు కూడా వేరుగా ఉంటుంది. “ఒరేయ్ అబ్బాయ్, ఆ శివారు చేను సంగతి ఓసారి చూసి రారా” అంటాడు అంతే. ఏం చేయమని చెప్పడు. కొడుకు వెళ్లి రైతు అరుగు మీద కూర్చుని, “బాబాయ్‌గారూ, నాన్నగారు పంపారండి. ఏదోటి తేల్చుకుంటే మంచిదని చెప్పమన్నారండి” అంటాడు. మంచినీళ్లు ఇస్తే తాగుతాడు. గొంతు పెంచడు. ఎదుటివాడికి మాత్రం అరికాళ్లు చల్లబడతాయి. ఇక్కడ బెదిరింపు వరస కలుపుకుని, ‘అండి’ తగిలించుకునే వస్తుంది. కేకలు, సుమోలు, కత్తులు పెట్టి తీస్తే ఆ సినిమా ఇంకెక్కడిదో అవుతుంది. ఈ నేల మీది భయం మర్యాదలో ఉంది, దర్శకుడు దాన్ని పట్టుకోవాలి.

ఇక దందా. పారిస్‌లో ఎలుకలు చేసిన పని డెల్టాలో ఉప్పునీరు చేస్తుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాక ఈ నేల వరిచేలయింది. కాలవ నీళ్లు, వాటిని చేలకు మళ్లించే పంటబోదెలు, గట్లు, ఈ మూడింటి మీదే ఊళ్ల బతుకు. తర్వాత చేపల చెరువులొచ్చాయి, రొయ్యల చెరువులొచ్చాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక తవ్వకం ఇంకా పెరిగింది. వరి కంటే చెరువు లీజు ఎక్కువ వస్తుంటే రైతు ఇవ్వడం సహజం, దాన్ని తప్పుపట్టడానికేం లేదు. చిక్కంతా చుట్టూ చెరువులు లేచాక నడుమ మిగిలిపోయిన ఎకరం, ఎకరంన్నర రైతుది. చెరువులో ఉప్పునీరు పెడితే ఊటగా దిగి పక్క చేను చౌడుబారుతుంది. చెరువు గట్టు పంటబోదెకు అడ్డం వస్తే ఆ చేనుకు నీరు రాదు, వచ్చినా మురుగు పోదు. రెండు పంటలు పోయాక అతనే వచ్చి “మీరే తీసుకోండి” అంటాడు. కాగితాలన్నీ సవ్యంగా ఉంటాయి. ఎవరూ ఎవరినీ కొట్టినట్టు ఉండదు.

ఎలుకల సంచి మోసిన తోమా చేతులకు సమానమైనది, రాత్రిపూట పంటబోదె పూడ్చిన చేతులు. ఆ చేతులే పొద్దున వాద్యం పట్టుకోవాలి. కథ డెల్టాలో పాతుకుపోయేది ఈ సన్నివేశం దగ్గరే. ఊళ్లో ఇలాంటి పనులకు వాడే మాట కూడా ఉంది: సెటిల్‌మెంట్. పోలీసు స్టేషన్‌కు వెళ్లకుండా, కోర్టు మెట్లెక్కకుండా, నలుగురు పెద్దమనుషుల పేరు చెప్పి ఒకడు ఇంకొకడి భూమి తీసుకునే పద్ధతి. ఈ కథలో కొడుకు ఉద్యోగం అదే.

తల్లి విషయంలో రెండు సినిమాలూ ఒకదానికొకటి దూరంగా నిలబడతాయి. జిమ్మీ తల్లి ఒకప్పటి పియానో కళాకారిణి, ఇప్పుడు మానసిక రోగుల ఆసుపత్రిలో ఉంది. తోమా తల్లి కూడా పియానో కళాకారిణే, చనిపోయింది. ఆమె కచేరీలు ఏర్పాటు చేసిన పెద్దమనిషి అనుకోకుండా ఎదురై, నువ్వు వాయించేవాడివి కదా, ఓసారి వచ్చి వినిపించు అనడంతో తోమా మళ్లీ పియానో తెరుస్తాడు. ఒకచోట పిచ్చి, ఒకచోట చావు. డెల్టాలో తల్లి సంగీతం ఆగిపోవడానికి ఆ రెండూ అక్కర్లేదు, పెళ్లి చాలు. పదేళ్లు వీణ నేర్చుకుని, గురువుగారి ఇంట్లో త్యాగరాజ ఆరాధనలో వాయించి, పెళ్లయ్యాక అత్తగారింటికి వీణతో సహా వచ్చి, తర్వాత దాన్ని గుడ్డ కప్పి గోడకు ఆనించిన ఆడవాళ్లు ఈ ఊళ్లలో ప్రతి వీధిలో ఉన్నారు. ఎవరూ వద్దనలేదు. వాయించమని కూడా అనలేదు. ఆ వీణ ఉన్న ఇంట్లో పెరిగిన కొడుక్కి సంగీతం అంటే అమ్మ మాట్లాడని విషయం. ఇంత బలమైన కారణం న్యూయార్క్ కథకూ దొరకలేదు, పారిస్ కథకూ దొరకలేదు.

ఇంకా లోతుకు వెళ్లే దర్శకుడైతే ఆ తల్లిని గుళ్లలో ఆటపాటలకు అంకితమైన కలావంతుల కుటుంబం నుంచి తెస్తాడు. మండపేట, ముమ్మిడివరం, బల్లిపాడు వంటి ఊళ్లలో గుడి చుట్టూ పదాలనే అభినయ గీతాలు, అభినయం, అధ్యాత్మ రామాయణ కీర్తనలు తరతరాలుగా కాపాడింది వాళ్లే. ఆడపిల్లలను గుడికి అంకితమిచ్చే ఆచారాన్ని మద్రాసు ప్రభుత్వం 1947 చట్టంతో నిషేధించింది. దోపిడీ ఆగాలి కాబట్టి ఆ చట్టం రావాల్సిందే. కానీ ఆచారంతోపాటు ఆ ఆడవాళ్ల విద్యకు కూడా తలుపులు మూసుకున్నాయి. బిడ్డల పెళ్లిళ్ల కోసం పుట్టిల్లు ఫలానా అని చెప్పుకోలేక, వచ్చిన పాటను గొంతులోనే నొక్కుకున్నవాళ్లు ఎందరో. అలాంటి తల్లి కొడుకు సంగీతం వైపు వెళ్తే తండ్రికి అది సరదాగా కనిపించదు. దాచిపెట్టిన సంగతి బయటపడుతుందన్న టెన్షన్‌గా కనిపిస్తుంది. ఇక్కడ తండ్రి మంకుపట్టుకు కూడా కారణం దొరుకుతుంది, అతని మీద కోపంతోపాటు జాలీ పుడుతుంది. ఈ పాత్రను గౌరవంగా రాయాలి. ‘పాపం, పతిత’ అనే పాత సినిమా చూపుతో రాస్తే మాత్రం అసలు రాయకపోవడమే మంచిది.

నిజ జీవితంలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఈ డెల్టాలోనే ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, బిడ్డ పసిగుడ్డుగా ఉండగానే పోయారు. తండ్రి పట్టాభిరామయ్య కూడా సంగీతజ్ఞుడే. కొడుకును తనే పెంచి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేర్చారు. తోమా కథలో లాగే తల్లి కళాకారిణి, తల్లి లేదు. తేడా తండ్రి దగ్గరుంది. తల్లి వదిలి వెళ్లిన సంగీతాన్ని ఒక తండ్రి బిడ్డ చేతిలో పెట్టాడు. సినిమాలోని తండ్రి అది బిడ్డ చేతిలో ఉందని గమనించనే లేదు. పుట్టుకతో వచ్చిన ప్రతిభ గురించి ఎంతో మాట్లాడతాం, ఆ ప్రతిభకు రోజుకు నాలుగు గంటలు ఖాళీ చేసి పెట్టిన పెద్దవాళ్ల గురించి తక్కువ మాట్లాడతాం.

ఒడియార్ సినిమాలో అందరికీ నచ్చే భాగం గురువుది. తోమాకు పియానో నేర్పే మియావ్ లిన్ ఆసియా నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. ఆమెకు ఫ్రెంచి రాదు. అతనికి ఆమె భాష రాదు. లిన్ డాన్ ఫామ్ ఆ పాత్ర వేసింది. ఆమె వాయించి చూపిస్తుంది, అతను తప్పుతాడు, ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ వాయిస్తుంది. అతను కోప్పడితే తిరిగి తన భాషలోనే కోప్పడుతుంది. బయట అతని బతుకంతా మాటలతో నడుస్తుంది: బుకాయింపు, బేరం, బెదిరింపు. ఈ గదిలో మాటలు పనిచేయవు. తప్పు వాయిస్తే తప్పే, ఎంత తెలివిగా మాట్లాడినా అది ఒప్పవదు. దందాకూ సంగీతానికీ ఉన్న అసలు తేడా ఈ సన్నివేశాల్లో ఒక్క డైలాగ్ లేకుండా తెలుస్తుంది.

తెలుగు ప్రేక్షకుడికి ఇందులో వింతేమీ లేదు, మన పాఠం నడిచేదే అలా. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ నేర్చుకున్న తీరు చూడండి. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజే పిల్లవాడికీ గురువయ్యారు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, పిల్లవాడు ఆ గమకాన్ని, అంటే స్వరంలోని ఊపును, తీగ మీద వెతుక్కుని పట్టుకునేవాడు. కర్ణాటక సంగీతానికి పనికిరాదనుకున్న విదేశీ వాద్యం మీద, ఆ వాద్యం రాని గురువు దగ్గర, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసే నాటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు. ‘ఫింగర్స్’ విడుదలైన సంవత్సరం కూడా అదే. చెవితో విని వేలితో వెతుక్కోవడమే పాఠం అన్న సంగతి పారిస్ సినిమాకు అందమైన కొత్త ఆలోచన అయితే, పాలకొల్లులో అది మామూలు విషయం.

వాద్యం దగ్గరకొస్తే కథ నిజంగా మారిపోతుంది. రెండు సినిమాల్లోనూ హీరో సాధన చేసేది ఒకటే రచన, బాక్ రాసిన ఇ మైనర్ టొకాటా అనే కీబోర్డు రచన. దాని చివర ఫ్యూగ్ వస్తుంది. ఒక గొంతు ఒక చిన్న పల్లవిలాంటిది ఎత్తుకుంటుంది. అది సాగుతుండగానే రెండో గొంతు అదే పల్లవిని ఇంకో స్థాయిలో మొదలుపెడుతుంది, తర్వాత మూడోది. ఇన్ని గొంతులనూ రెండు చేతులే మోయాలి. కుడిచేయి ఒక దారిలో, ఎడమచేయి ఇంకో దారిలో వెళ్తూ ఒకదానికొకటి అడ్డురాకూడదు. రెండు ప్రపంచాల మధ్య చీలిన మనిషికి ఇంతకంటే తగిన సంగీతం ఉండదు. జిమ్మీకీ తోమాకీ మనసులో ఉన్న ఆశే అది: ఒక చేయి ఈ పని, ఇంకో చేయి ఆ పని, రెండూ తప్పకుండా సాగిపోతే చాలు. ఆ ఆశను పియానో నిజం చేసి చూపిస్తుంది, బతుకు చేయనివ్వదు.

వీణ మీద ఆ ఆశకే చోటు లేదు. కుడిచేతి వేళ్లు తీగను మీటుతాయి, ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాయి. మీటకపోతే ధ్వని లేదు, లాగకపోతే రాగం లేదు. రెండు చేతులూ కలిస్తేనే ఒక్క స్వరం. తాళపు తీగలు మీటే చిటికెన వేలు కూడా అదే మనసుకు లోబడి ఉండాలి. అంటే డెల్టా కథలో కొడుకు తనను తాను రెండుగా పంచుకుని రెండిట్లోనూ నెగ్గుకురావచ్చని ఒక్క క్షణం కూడా అనుకోలేడు. మొదటి పాఠం నాడే వాద్యం అతనికి ఆ సంగతి చెప్పేస్తుంది. పారిస్ కుర్రాడికి చివరిదాకా మిగిలిన భ్రమ ఇతనికి మొదట్లోనే పోతుంది. అప్పుడు కథలో ఉత్కంఠ ఎక్కడి నుంచి రావాలి? తెలిసీ ఎందుకు మానలేకపోతున్నాడు అన్న ప్రశ్న నుంచి. ఇది అసలు కథ కంటే బరువైన ప్రశ్న. పాత కథకు కొత్త రంగు వేయడంతో సరిపెట్టకుండా కొత్త సినిమా తీయదలచినవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే.

వీణకు ఇంకో లక్షణం ఉంది, సినిమాకు బాగా పనికొస్తుంది. తీగను రోజూ లాగితే ఎడమచేతి వేళ్ల మీద చర్మం కాయ కాస్తుంది. సాధన మానేస్తే ఆ కాయ మెత్తబడి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు తీగ కోస్తుంది. కొడుకు ఎన్నాళ్లుగా వాయించడం లేదో చెప్పడానికి డైలాగ్ అక్కర్లేదు, వేళ్లు చూపిస్తే చాలు. గురువు కూడా అడగక్కర్లేదు, చేయి తిప్పి చూస్తే ఆయనకు తెలుస్తుంది. కొట్లాటలో ఎడమచేతి నడిమివేలు చితికితే ఏం పోతుందో ప్రేక్షకుడికి అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి ఒక చిన్న తోపులాట కూడా గుండె జారేలా ఉంటుంది.

ఆడిషన్ సన్నివేశం ఈ కథకు ప్రాణం. జిమ్మీ కార్నెగీ హాల్లో విఫలమవుతాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పరిగెత్తిన వేళ్లు, వినేవాళ్ల ముందు మొరాయిస్తాయి. తోమాను ముందు రాత్రి భాగస్వాములు పని మీద లాక్కెళ్తారు, నిద్ర లేకుండా వచ్చి కూర్చుంటాడు, మొదలుపెట్టి ఆగిపోతాడు. రెండు సినిమాలూ ఇక్కడ మెలోడ్రామా చేయకపోవడం గొప్ప విషయం. ఎవరూ అవమానించరు, వాయిద్యం పగలదు. వాయించలేకపోయాడు, అంతే. డెల్టాలో దీనికి సరైన చోటు ఆకాశవాణి. 1948లో మొదలైన విజయవాడ కేంద్రానికి వెళ్లి ఆడిషన్ ఇచ్చి గ్రేడ్ తెచ్చుకోవడం ఈ జిల్లాల సంగీత కుటుంబాలకు తరాలుగా పెద్ద పరీక్ష. బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడ్లు. కచేరీకి పిలిచేవాళ్లు, పిల్లల్ని పాఠానికి పంపేవాళ్లు చూసేది దాన్నే. ఊళ్లో తండ్రి పేరు చెబితే దారులన్నీ తెరుచుకునే కొడుక్కి ఆ పేరు పనిచేయని గది అది ఒక్కటే. పెద్దమనుషుల చేత చెప్పించి, ఫోన్ చేయించి రాగం పలికించలేం. రాత్రంతా చెరువు గట్టు మీద కాపలా ఉండి, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన చేతులు అక్కడ ఏం పలికిస్తాయో ఊహించడం కష్టం కాదు.

మన సినిమాలో సంగీతం కథలు తక్కువేం కావు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’లోనూ హత్య ఉంది, అన్యాయానికి గురైన తులసి చేతుల మీదుగా జరుగుతుంది. కానీ ఆ నెత్తురు శాస్త్రిగారి సంగీతానికి అంటదు. అది పవిత్రంగా పక్కన నిలబడి, నలిగిన మనిషికి ఆశ్రయం ఇస్తుంది. ఆ పద్ధతిలో గొప్ప సినిమాలు వచ్చాయి. ఇంకో పద్ధతికి కూడా చోటుండాలి: వాయించే చేయే తప్పు చేసిన చేయి అయినప్పుడు ఆ సంగీతాన్ని ఎలా వినాలి అని అడిగే సినిమాకు.

‘ఫింగర్స్’లో మింగుడుపడనిది ఆడవాళ్ల చిత్రణ. అందులో స్త్రీలు కొట్టించుకోవడానికి, వెంటపడి వేధించబడటానికి తప్ప మనుషులుగా కనపడరు. హీరో మనసులోని అలజడి చూపడానికే అలా తీశారని సమర్థించేవాళ్లున్నారు. ఆ సమర్థన నిలబడదు, ఎందుకంటే ఒడియార్ అదే అలజడిని ఆ మొరటుతనం చాలావరకు వదిలేసి చూపించగలిగాడు. అతని సినిమా మెరుగవడానికి మియావ్ లిన్ పాత్ర ఒక ముఖ్య కారణం.

ముగింపులు కూడా వేరు. రెండిట్లోనూ తండ్రి హత్యకు గురవుతాడు, చంపినవాడు కొడుక్కి ఎదురవుతాడు. జిమ్మీ మెట్ల దారిలో అతన్ని ఘోరంగా చంపి, ఇంటికొచ్చి ఒంటి మీద బట్టల్లేకుండా కిటికీ పక్కన మిగిలిపోతాడు. సంగీతమూ లేదు, మనిషీ లేడు. ఒడియార్ కథను రెండేళ్లు ముందుకు జరుపుతాడు. తోమా ఇప్పుడు కచేరీలు చేసేవాడు కాడు. మియావ్ లిన్ కచేరీల పనులు చూసుకుంటున్నాడు. కచేరీ రోజునే తండ్రిని చంపిన రష్యన్ కనిపిస్తాడు, తోమా అతన్ని మెట్ల మీద చావగొట్టి, తుపాకీ చేతికందినా చంపకుండా వదిలేసి, నెత్తురంటిన చేతులతో వచ్చి ప్రేక్షకుల్లో కూర్చుంటాడు. సంగీతం సాగుతూనే ఉంటుంది, వాయించేది అతను కాదు, అంతే తేడా. డెల్టాకు సరిపడేది ఈ రెండో ముగింపే. ఇక్కడ వినేవాడి స్థానం చిన్నది కాదు. కాకినాడ సరస్వతీ గాన సభ లాంటి చోట్ల శతాబ్దానికి పైగా ముందు వరసల్లో కూర్చుని తాళం వేస్తూ, కీర్తనలో సంగతి తప్పితే మొహం చిట్లించే శ్రోతలు లేకపోతే ఇక్కడి విద్వాంసులు అంతవారయ్యేవారు కారు. వాయించలేకపోయినవాడు బాగా వినగలిగేవాడు కావడం ఓటమి కింద లెక్క కాదు. కాకపోతే మన నిర్మాతలు అడిగేది వేరుగా ఉంటుంది: చివర్లో హీరో స్టేజి ఎక్కి వాయించాలి, హాలంతా లేచి చప్పట్లు కొట్టాలి. అలా తీస్తే ఆడిషన్ సన్నివేశం అబద్ధమైపోతుంది, దాంతో సినిమా మొత్తం.

తీసే పద్ధతిలో ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు. తోమా పియానో వాయించే తీరు నమ్మశక్యంగా ఉండటానికి కారణం డ్యూరిస్ అక్క కారొలీన్. ఆమె వృత్తిరీత్యా పియానిస్ట్. తమ్ముడికి నేర్పిందీ, సినిమా కోసం ఆ రచనలు వాయించిందీ ఆమే. అందుకే అతని మొహమూ చేతులూ ఒకే మనిషివిగా కనిపిస్తాయి. మన సినిమాల్లో వీణ సన్నివేశం అనగానే మొహం ఒక షాట్, వేళ్లు ఇంకో షాట్. తీగ మంద్రంలో, అంటే కింది స్థాయిలో, పలుకుతుంటే నటుడి వేలు పైనున్న తారస్థాయి మెట్టు మీద ఉంటుంది. వీణ చూసి పెరిగిన ఊళ్లో ఆ తప్పు పిల్లలు కూడా పట్టుకుంటారు. ఈ కథ మొత్తం చేతుల మీద నడిచేది కాబట్టి నటుణ్ణి ముందుగానే తెచ్చి డెల్టాలో ఒక వీణ టీచరుగారి దగ్గర కూర్చోబెట్టాలి. కచేరీ స్థాయి రానక్కర్లేదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, రెండు గీతాలు, ఒక వర్ణంలో పల్లవి చాలు. వేలి మీద కాయ మేకప్‌తో పెట్టింది కాకుండా తీగ లాగి తెచ్చుకున్నదై ఉంటే, పంటబోదె పూడ్చే సన్నివేశంలో పార పట్టుకున్నప్పుడు ఆ నటుడు ఎడమచేతి వేళ్లను తెలియకుండానే కాపాడుకుంటాడు. దర్శకుడు చెప్పి చేయించగలిగే పని కాదది.